కాన్పు తేదీకి మూడు తూకాలు

మానవజాతి మొదట నిప్పును కనిపెట్టింది, తర్వాత చక్రాన్ని కనిపెట్టింది, ఆపైన కాస్త ఊపిరి పీల్చుకుని ముందస్తు సమాచార పత్రాన్ని కనిపెట్టింది. మొదటి రెండూ లేకపోయినా ఎలాగోలా బతకొచ్చు. చలేస్తే దుప్పటి కప్పుకోవచ్చు, పొరుగూరికి నడిచి వెళ్లొచ్చు. మూడోది లేకుండా మాత్రం ఏ ఉద్యోగినీ బిడ్డను కనడానికి వీల్లేదు. ప్రకృతి ఈ పనికి తొమ్మిది నెలల గడువు పెట్టింది. ఆ గడువు చాలదని ప్రకృతికి ఇంతవరకూ ఎవరూ రాతపూర్వకంగా తెలియజేయలేదు కనుక లోపం అలాగే కొనసాగుతోంది.

ఇది ఒక తూకం యంత్రాల కంపెనీలో జరిగింది. నగల కొట్లో వాడే చిన్న త్రాసు మొదలుకుని లారీని లారీగానే తూచేసే కాటా దాకా అన్నీ అక్కడ తయారవుతాయి. గేటు మీద మూరెడేసి అక్షరాలతో ‘ఇక్కడ సుమారు అనే మాట లేదు’ అని రాసి ఉంటుంది. (ఆ బోర్డు కొంచెం ఎడమ పక్కకి ఒరిగింది. సరిచేయలేదు గానీ ఎంత ఒరిగిందో కొలిచి రికార్డు చేశారు.) కంపెనీకి పుట్టినప్పటి నుంచీ ఒకే పద్ధతి. ఏ వస్తువునైనా మూడుసార్లు తూచాలి, మూడూ కూడి మూడుతో భాగించాలి, వచ్చిన అంకె కింద సీలు వేయాలి. సీలు పడ్డాక ఆ అంకెను మార్చే అధికారం ఎవరికీ లేదు, ఆ వస్తువుకు కూడా లేదు.

అక్కడ పరీక్ష విభాగంలో కిటికీ పక్క బల్ల ఒకామెది. ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అర గ్రాము తేడా వచ్చిందని ఒకసారి లారీడు కాటాలను గోడౌన్ నుంచి వెనక్కి రప్పించింది. ఆ రోజు నుంచి ఆమె అందరికీ అరగ్రాము. ఆ పిలుపు ఆమెకు కోపం తెప్పించలేదు సరికదా, లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. తయారైన ప్రతి యంత్రం మీదా ఇత్తడి రాళ్లు పెట్టి, మూడుసార్లు చూసి, సగటు తీసి, పచ్చ స్టిక్కరో ఎర్ర స్టిక్కరో అంటించడం ఆమె పని. కూర్చుని చేసే పని, నీడపట్టున చేసే పని. అందుకే ఆరో నెల వచ్చినా ఆమె హాయిగా చేసుకుపోతోంది.

కంపెనీలో ప్రసూతి సెలవు నూట ఎనభై రోజులు. ఎప్పుడు మొదలుపెట్టుకున్నా సరే, మొదలైన రోజు నుంచి నూట ఎనభై లెక్కపెట్టి ఆపేస్తారు. అంటే బిడ్డ పుట్టకముందు ఒక రోజు ఇంట్లో కూర్చుంటే, పుట్టాక ఒక రోజు తగ్గినట్టే. అరగ్రాము ఈ లెక్కను నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. డాక్టరమ్మ చెప్పిన తేదీ ముప్పై. ఇరవై తొమ్మిదిన సెలవు మొదలు. మిగిలిన నూట డెబ్భై తొమ్మిది రోజులూ బిడ్డవి. వాటిలో ఒక్కటి కూడా ఎవరికీ ఇచ్చేది లేదని ఆమె గట్టిగా అనుకుంది.

ఇంట్లో మొదటి అభ్యంతరం అత్తగారి నుంచి వచ్చింది.

“ముందు రోజు దాకా ఆ ఇనప సామాన్ల మధ్య కూర్చుంటావుటే అమ్మాయ్? బిడ్డని కాటా మీదే కంటావా ఏం?”

“ఇంట్లో కూర్చున్నా కూర్చోవడమే కదత్తయ్యా. అక్కడ కూర్చుంటే రోజులు మిగుల్తాయి.”

భర్త డ్రైవింగ్ స్కూల్లో నేర్పే మాస్టారు. పదేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు తొక్కుతూ బతికినవాడు కావడంతో, ఆమె కుర్చీలోంచి గబుక్కున లేచినప్పుడల్లా ఆయన కుడికాలు తనకు తెలియకుండానే నేలను నొక్కేది.

“మలుపు ఇంకా దూరం ఉండగానే గేరు తగ్గించాలి,” అన్నాడాయన.

“మలుపు ఎక్కడుందో తెలియాలి కదండీ?”

“తెలియదనే కదా తగ్గించమనేది.”

“నన్నడిగితే నేను చెప్తానుగా ఎక్కడుందో!” అంది అత్తగారు. “ఈ వీధిలో నలభై రెండు కాన్పులకి తారీఖు చెప్పాను. నడక చూసి చెప్పేస్తాను. ఒక్కటి తప్పిందేమో కనుక్కో.”

అరగ్రాము కనుక్కోలేదు. అలా కనుక్కోకపోవడం ఆమె ఉద్యోగ ధర్మానికి విరుద్ధమని తర్వాత తెలిసొచ్చింది.

సెలవు సంగతి ప్రసవానికి సరిగ్గా పదిహేను వారాల ముందు కంపెనీకి తెలియజేయాలన్నది నియమం. అంతకన్నా ముందు చెబితే తొందరపాటు, తర్వాత చెబితే ఆలస్యం. ముప్పయ్యో తారీఖు ఆదివారం. పదిహేను వారాలు వెనక్కి లెక్కపెడితే అదీ ఆదివారమే తగిలింది. సెలవులన్నీ ‘సులభ సెలవు’ అనే యాప్‌లో పెట్టుకోవాలి. ఆ యాప్ ఆదివారం పనిచేయదు. (కంపెనీ మొత్తంలో దరఖాస్తు లేకుండా సెలవు దొరికేది ఒక్క యాప్‌కే.)

అరగ్రాము శనివారం ఒకసారి, సోమవారం ఒకసారి దరఖాస్తు పెట్టింది. ‘కారణం’ అన్నచోట సొంత పెళ్లి, బంధువు మరణం, సొంత మరణం, కుక్క కాటు, ఇతరములు అని అయిదు ఉన్నాయి. ఇతరములు నొక్కింది. ‘ఇది మళ్లీ జరిగే అవకాశం ఉందా?’ అని అడిగింది యాప్. అరగ్రాము చుట్టూ చూసి, కొంచెం సిగ్గుపడి, ‘ఇప్పుడే చెప్పలేం’ అన్నది నొక్కింది. శనివారం దరఖాస్తుకు తొందరపాటు రసీదు, సోమవారం దరఖాస్తుకు ఆలస్యం రసీదు వచ్చాయి. రెండూ పట్టుకుని సిబ్బంది సంక్షేమాధికారి గదికి వెళ్లింది.

సంక్షేమాధికారి మెత్తని మనిషి. ఆయన నోట ‘కుదరదు’ అన్న మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. ‘పరిశీలిస్తాం’ అనేవారు. ఆయన రెండు రసీదులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, మొహం వెలిగిపోతుండగా తలెత్తారు.

“రెండింటి సగటు ఆదివారం వస్తోంది మేడమ్. మీరు ఆదివారమే తెలియజేసినట్టు లెక్క. సరిపోయింది.”

అరగ్రాము పొంగిపోయింది. తన కంపెనీ పద్ధతి మీద ఆమెకు ఉన్న నమ్మకం ఆ రోజు ఇంకో అంగుళం పెరిగింది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

తర్వాత డాక్టరమ్మ ఇచ్చిన కాగితం జతచేయాలి. అందులో ‘సుమారుగా ముప్పయ్యో తారీఖు’ అని ఉంది. సంక్షేమాధికారి ఆ వరుస చదివి, లేచి వెళ్లి తలుపు వేసి వచ్చి, ఒక మాట మీద బొటనవేలు పెట్టి కప్పేశారు.

“మేడమ్, ఈ మాట మన ఆవరణలోకి ఎలా వచ్చింది?” అన్నారు గొంతు తగ్గించి.

“డాక్టరమ్మ రాశారండి.”

“మీరు చూసుకోవద్దూ? పరీక్ష విభాగంలో ఉండి!”

అరగ్రాము మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తింది. డాక్టరమ్మ గది బయట పాతిక మంది కూర్చుని ఉన్నారు. ఆవిడ కాగితం చూసి కళ్లజోడు తీసింది.

“తేదీ నేను చెప్తానమ్మా. లోపలున్న పిల్ల అది చదువుకుని రాదుగా? అటూ ఇటూ పద్నాలుగు రోజులు. అదే రాసిస్తాను, పో.”

ఆ మాటకు అరగ్రాము మనసు కుదుటపడింది. ప్రతి యంత్రానికీ ఇంత తేడా ఉండొచ్చని ఒక హద్దు ఉంటుంది. హద్దు లేని కొలత కొలతే కాదు. డాక్టరమ్మ శాస్త్రీయంగా మాట్లాడిందని సంతోషపడి, కంపెనీ హద్దుల పట్టిక కూడా ఒకటి జతచేసి ఇచ్చింది.

సంక్షేమాధికారి ఆ కాగితాన్ని యంత్రాల రూపకల్పన చూసే పెద్ద ఇంజనీరుకు పంపారు. ఆయన తొమ్మిది నెలలను రోజుల్లోకి మార్చి, పద్నాలుగును దాంతో భాగించి, నూటికి అయిదు తేడా అని తేల్చారు. సంతలో కూరగాయలు తూచే అతి చవక త్రాసుకు కూడా కంపెనీ ఒప్పుకునే తేడా నూటికి అర. ‘సదరు డాక్టరు హద్దు దాటిన పరికరం. మరమ్మతుకు పంపవలెను’ అని రాసి, ఆస్పత్రికి ఒక ఎర్ర స్టిక్కరు పంపించారు. డాక్టరమ్మ దాన్ని తన గది మూల బరువు చూసే యంత్రం మీద అంటించింది. ఆ యంత్రం ఈ కంపెనీదే.

“మరి తేదీ ఎలా సార్?” అంది అరగ్రాము. ఆ తర్వాత, ఏళ్ల తరబడి అలవాటైన నోటితో, జీవితంలో చేయకూడని ఒక సూచన చేసింది. “ఒక్క రీడింగు మీద నమ్మకం లేకపోతే మూడు తీసుకోండి సార్. సగటు తీద్దాం.”

ముప్పైకి ఒక రోజు అటో ఇటో వస్తుందని ఆమె ధీమా.

వెంటనే సాంకేతిక సంఘం ఏర్పడింది. అందులో సంక్షేమాధికారి, పెద్ద ఇంజనీరు, ఒక ఖాళీ కుర్చీ ఉన్నాయి. ఆ కుర్చీలో ఉండాల్సిన సభ్యుడు రెండేళ్ల కిందట బదిలీ అయ్యాడు. ప్రతి సమావేశంలోనూ ‘కుర్చీకి అభ్యంతరం లేదు’ అని మినిట్స్‌లో రాస్తారు. మొదటి రీడింగుగా, ఎర్ర స్టిక్కరు ఉన్నప్పటికీ దయతో, డాక్టరమ్మ చెప్పిన ముప్పైని తీసుకున్నారు. రెండో రీడింగుకు ఇంట్లో ఎక్కువకాలం దగ్గర నుంచి గమనించిన వ్యక్తిని పిలిచారు. అత్తగారు పెట్టెలోంచి కొత్త బట్టలు తీసి కట్టుకుని వచ్చింది.

“మీ అనుభవం?” అన్నారు పెద్ద ఇంజనీరు.

“నలభై రెండు కాన్పులు. నావి మూడు వేరే.”

“దేన్ని బట్టి కొలుస్తారు?”

“నడక చూస్తా. మొహం చూస్తా. కుర్చీలోంచి లేచేటప్పుడు ఏ చెయ్యి ముందు పెడుతుందో చూస్తా. అమ్మాయ్, ఇటు నుంచి అటు ఒకసారి నడువు.”

అరగ్రాము సంఘం ముందు ఇటు నుంచి అటు నడిచింది. ఖాళీ కుర్చీ తప్ప అందరూ ముందుకు వంగి చూశారు.

“తొమ్మిదో తారీఖు,” అంది అత్తగారు. “రాసిపెట్టుకోండి.”

వాళ్లు రాసిపెట్టుకున్నారు. నలభై ఏళ్లుగా ఆవిడ ‘రాసిపెట్టుకో’ అని అందరితోనూ అంటూనే ఉంది. నిజంగా కలం తీసి రాసిపెట్టుకున్నవాళ్లు తగలడం అదే మొదటిసారి. ఆవిడ కళ్లు చెమర్చాయి.

మూడో రీడింగు క్యాంటీన్ వంటాయనది. ఆయన గరిటె చేత్తో పట్టుకునే వచ్చాడు. “పదిహేనండి,” అన్నాడు. “మొన్నటి దాకా రెండోసారి వడ్డించమనేవారు. ఇప్పుడు మొదటిది కూడా సగంలో ఆపేస్తున్నారు. నేను ఎప్పుడు లెక్కేసినా దీన్ని బట్టే.” ఆయన ఎప్పుడెప్పుడు లెక్కేశాడో సంఘం అడగలేదు.

ముప్పై, తొమ్మిది, పదిహేను. కూడితే యాభై నాలుగు. మూడుతో భాగిస్తే పద్దెనిమిది. శేషం లేకుండా తెగినందుకు పెద్ద ఇంజనీరు ముచ్చటపడిపోయారు. ఇంత చక్కగా తెగిన అంకె తప్పు కావడం ఆయన సర్వీసులో చూడలేదట. ఇక కొత్త తూకపు రాళ్లను వాడకానికి ముందు పద్నాలుగు రోజులు కదపకుండా గదిలో ఉంచాలని కంపెనీలో నియమం ఒకటుంది, చుట్టుపక్కల వేడికి అలవాటు పడటానికి. తల్లికి వేరే నియమం లేదు కనుక అదే వర్తిస్తుందన్నారు. పద్దెనిమిదిలోంచి పద్నాలుగు తీసేస్తే నాలుగు. సెలవు నాలుగో తారీఖు నుంచి.

“సార్, నాలుగేంటి సార్?” అరగ్రాము గబగబా వేళ్ల మీద లెక్కపెట్టింది. “నావి పాతిక రోజులు పోతాయి!”

“పోవు మేడమ్. ముందుకు జరుగుతాయి.”

“పిల్ల ముందుకు జరగదు కదండీ!”

“పరిశీలిస్తాం,” అన్నారు సంక్షేమాధికారి మెత్తగా, సీలు వేస్తూ.

అరగ్రాము వదల్లేదు. నియమాల పుస్తకాన్ని మూడుసార్లు తిరగేసి ఒక లొసుగు పట్టుకుంది. నిర్ణయానికి ముందు సంబంధిత వ్యక్తులందరి మాటా వినాలి. ఈ వ్యవహారంలో అందరికన్నా ముఖ్యమైన వ్యక్తి మాట ఎవరూ వినలేదు. అది లోపల ఉంది. ఆ మాటే అప్పీలులో రాసి ఇచ్చింది. ఇలా రాస్తే సిగ్గుపడి వదిలేస్తారని ఆమె ఆశ. వాళ్లు సిగ్గుపడలేదు. అప్పీలు అన్ని విధాలా సక్రమంగా ఉందని మెచ్చుకుని విచారణకు తేదీ వేశారు.

కంపెనీలో ఈక పడినా ముల్లు కదిలే కాటా ఒకటుంది. అరగ్రామును దాని మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కాటా వణకకుండా కిటికీలు మూసేశారు, ఫ్యాను ఆపేశారు. పెద్ద ఇంజనీరు ఆమె పొట్టకు అభిముఖంగా నిలబడి, గొంతు సవరించుకుని చదివారు.

“నాలుగో తారీఖు నుంచి సెలవు మొదలుపెట్టడానికి మీకు అభ్యంతరం ఉన్నదా? లేకపోతే ఒక తన్ను. ఉంటే రెండు తన్నులు. తొందరలేదు.”

పదకొండు నిమిషాలు ఉలుకూ లేదు పలుకూ లేదు. ముల్లు కదల్లేదు. అరగ్రాము మనసులోనే బతిమాలింది, ‘రెండే తల్లీ, రెండే తన్ను, చాలు’ అని. అంతలో క్యాంటీన్ గంట మోగింది. లోపలి వ్యక్తి ఒక్కసారిగా లేచి వరసపెట్టి ఏడు తన్నులు తన్నింది. ముల్లు అటూ ఇటూ ఊగిపోయింది.

సంఘం ఆ ఏడు తన్నుల మీద గంటసేపు చర్చించింది. రెండేసి చొప్పున మొదటి ఆరూ మూడు అభ్యంతరాలు. చివరిది ఒంటరి తన్ను కనుక సమ్మతి. ఎవరి వాంగ్మూలంలోనైనా చివరి మాటే చెల్లుతుంది. ‘సంబంధిత వ్యక్తి మొదట మూడుసార్లు వ్యతిరేకించి, విషయం అర్థమైన మీదట అంగీకరించారు’ అని మినిట్స్‌లో రాశారు. కుర్చీకి అభ్యంతరం లేదు.

నాలుగో తారీఖున అరగ్రాము ఇంట్లో కూర్చుంది. నిజంగానే ఊరికే కూర్చుంది. తొమ్మిదో తారీఖున అత్తగారు సంచీ సర్దుకుని పొద్దున్నుంచీ గుమ్మంలో కాచుకుని, పొద్దువాలాక చడీచప్పుడు లేకుండా సంచీ లోపల పెట్టేసింది. పదిహేనున వంటాయన ఫోన్ చేసి, ఏమైనా తిందా అని అడిగాడు. పద్దెనిమిదిన ఉదయం పది గంటలకు సులభ సెలవు యాప్ నుంచి ‘మీకు బిడ్డ పుట్టినందుకు కంపెనీ తరఫున శుభాకాంక్షలు’ అని సందేశం వచ్చింది, కింద రెండు బెలూన్ల బొమ్మ. అప్పుడు అరగ్రాము కాళ్లు చాపుకుని గోడకానుకుని తన పొట్ట వైపే చూస్తోంది.

పంతొమ్మిదిన ఆమె తట్టుకోలేక టిఫిన్ డబ్బా పట్టుకుని ఉద్యోగానికి బయల్దేరింది. భర్త కారు గేటు దాకా తీసుకెళ్లి ఇంజను ఆపకుండా నిలబెట్టాడు. వాచ్‌మన్ చేయి అడ్డం పెట్టాడు.

“మీరు సెలవులో ఉన్నారమ్మా.”

“సెలవు ఆపేసుకుంటాను. పిల్ల పుట్టాక మిగతాది వాడుకుంటాను. లోపలికి వెళ్లనీ బాబూ.”

“నా లిస్టులో మీరు ఆస్పత్రిలో ఉన్నారు. ఆస్పత్రిలో ఉన్న మనిషిని నేను లోపలికి ఎలా పంపను? రేపు అడిగితే ఏం చెప్పను?”

సంక్షేమాధికారి స్వయంగా గేటు దాకా వచ్చి, ఊచల సందులోంచి క్షేమసమాచారాలు అడిగారు. మొదలైన సెలవును ఆపాలంటే పనిలో ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలని, ఆమె పనిలో లేదు కనుక పెట్టుకునే వీలు లేదని, పరిశీలిస్తామని చెప్పారు. నాలుగు రోజుల తర్వాత ఇంటికి నోటీసు వచ్చింది. ‘పందొమ్మిది రోజుల ప్రసూతి సెలవు వినియోగించుకుని కూడా ఎటువంటి ఫలితమూ చూపనందుకు’ సంజాయిషీ ఇమ్మని. దాన్ని చదివి అరగ్రాము ముందు నవ్వింది. నవ్వుతూ వంటింట్లోకి వెళ్లి, గిన్నెల అలమర తలుపు పట్టుకుని, భోరున ఏడ్చేసింది.

“ఇవాళ్టికి ఇరవై అయిపోయాయత్తయ్యా. దాన్ని ఇంకా చూడనే లేదు. అప్పుడే ఇరవై రోజులు అయిపోయాయి.”

అత్తగారు గోడ వైపు చూసింది. క్యాలెండరులో తొమ్మిదో తారీఖు చుట్టూ తనే గీసిన గుండ్రం ఉంది. ఆవిడ జీవితంలో మొదటిసారి దాన్ని చూడలేక తల తిప్పుకుంది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా గొడుగేసుకుని కంపెనీకి నడిచి వెళ్లింది.

“నా లెక్క తప్పు నాయనా,” అంది సంక్షేమాధికారితో, నిలబడే. “ఊళ్లోవాళ్లవి నలభై రెండు చెప్పాను. నా ఇంట్లో తప్పింది. ఆ రోజు మీరంతా వింటుంటే ఒళ్లు తెలియలేదు నాకు. నా తొమ్మిది కొట్టెయ్యండి.”

ఆయన ఆవిడకు కుర్చీ వేయించారు, మంచినీళ్లు తెప్పించారు. సీలు పడిన అంకెను కొట్టేస్తే కంపెనీ ఇంతవరకూ తూచిన అన్నిటి మీదా అనుమానం వస్తుందని నచ్చజెప్పారు.

“పోనీ నా రోజులు తీసుకోండి. నాకు ఇంట్లో బోలెడున్నాయి. అమ్మాయికివి జమ చెయ్యండి.”

సంక్షేమాధికారి ఆ మాటకు నిజంగా కదిలిపోయారు. అల్మారా తెరిచి, ఫారాల కట్టలన్నీ వెతికి, దానికి ఫారం లేదని చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆవిడ వచ్చేటప్పుడు రెండు సందులు దారి తప్పి ఇల్లు చేరింది. కోడలి పక్కన కూర్చుని కాళ్లు పట్టడం మొదలుపెట్టింది. అరగ్రాము వద్దనలేదు. అప్పటిదాకా అత్తగారి మీద పెంచుకున్న కోపమంతా ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

మరుసటి నెల ఆరో తారీఖు మధ్యాహ్నం పిల్ల పుట్టింది. ఆడపిల్ల. ఎవరి రీడింగుతోనూ సంబంధం లేకుండా, నింపాదిగా, ఎర్రగా, గుప్పిళ్లు బిగించుకుని వచ్చింది. ఆస్పత్రికి దారి పొడవునా భర్త కారును ఎంత నెమ్మదిగా నడిపాడంటే సైకిళ్లు బెల్లు కొట్టి దాటిపోయాయి. నర్సు పిల్లను మూల ఉన్న ఎర్ర స్టిక్కరు యంత్రం మీద పెట్టి, ఒక్కసారి తూచి, అంకె చెప్పి తీసేసింది. ఇంకో రెండుసార్లు తూచమని అరగ్రాము అడగలేదు. ఆమెకు ఆ అంకె వినిపించనే లేదు.

అప్పటికి ముప్పై రెండు రోజులు ఖర్చయిపోయాయి. మిగిలినవి నూట నలభై ఎనిమిది. అవి ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్ల పాలు తాగింది, నిద్రపోయింది, ఏడ్చింది, మొహం చూసి నవ్వడం నేర్చుకుంది. ఆమె ఒక్కో రోజు ఉదయాన్నే వేళ్ల మీద లెక్కపెట్టుకునేది. చివరి వారంలో లెక్కపెట్టడం మానేసింది. నూట నలభై ఎనిమిదో రోజున యాప్ ‘మీ విశ్రాంతి సుఖంగా గడిచిందని ఆశిస్తున్నాం’ అంటూ నవ్వుతున్న మొహాలు అయిదు చూపించి, ఒకటి ఎంచుకోమంది.

పనిలో చేరడానికి ఒక్క ఫారం మిగిలింది. సంఘం నిర్ణయించిన పద్దెనిమిదో తారీఖుకీ అసలు తేదీకీ మధ్య పద్దెనిమిది రోజుల ఆలస్యం ఉంది. ఆలస్యానికి కారకులైన వ్యక్తి స్వయంగా హాజరై, కింద సంతకం గానీ ముద్ర గానీ వేయాలి. అందుకని మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికి అరగ్రాముతో పాటు పిల్లను ఎత్తుకుని అత్తగారూ గేటు దగ్గరికి వచ్చింది.

వాచ్‌మన్ సందర్శకుల రిజిస్టరు తెరిచాడు. ఉద్యోగులు కానివాళ్లెవరైనా అందులో ఎక్కాల్సిందే. పేరు గడిలో ‘పాప’ అని రాశాడు. వయసు రాశాడు. ఎవరిని కలవాలి అన్నచోట ‘పరీక్ష విభాగం, కిటికీ పక్క బల్ల’ అని రాశాడు.

“వచ్చిన పని?” అన్నాడు.

“వాళ్లమ్మ దగ్గరికి,” అంది అత్తగారు.

వాచ్‌మన్ కాస్త ఆలోచించి ‘వ్యక్తిగతం’ అని రాసి, పది నిమిషాల పాసు చింపి ఇచ్చాడు.

లోపల సంక్షేమాధికారి పిల్ల అరికాలికి సీలు సిరా రాసి, ఫారం అడుగున మెల్లగా ఒత్తారు. ముద్ర చక్కగా పడింది, అయిదు వేళ్లూ తెలిశాయి. పెద్ద ఇంజనీరు వచ్చి పిల్లను గుర్తుపట్టినట్టు పలకరించారు. అరగ్రాము తన బల్ల దగ్గర కూర్చుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని, రుమాలు తడిపి అరికాలు తుడిచింది. సిరా పూర్తిగా పోలేదు. పిల్ల ఆమె మెళ్లోని గుర్తింపు కార్డు తాడు పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

“టైమైందమ్మా,” అన్నాడు వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి.

“ఒక్క నిమిషం.”

“పాసు మీద పదే ఉందమ్మా.”

పిల్ల తాడు వదల్లేదు. అరగ్రాము ఒక్కో వేలే విడదీసింది. ఒకటి విడదీస్తే ఇంకోటి బిగుసుకుంది. చివరికి అత్తగారు పిల్లను భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా గబగబా నడిచింది. ఏడుపు ముందు మెట్ల మీద వినిపించింది, తర్వాత ఆవరణలో, తర్వాత గేటు అవతల. అరగ్రాము కిటికీ వైపు చూడకుండా ఇత్తడి రాయి ఒకటి తీసి కాటా మీద పెట్టింది.

వాచ్‌మన్ రిజిస్టరులో సందర్శకురాలు బయటికి వెళ్లిన సమయం తొమ్మిదీ పది అని రాశాడు. దాని పక్కన ‘వచ్చిన పని పూర్తయినదా?’ అని ఒక గడి ఉంది. అందులో ‘అయినది’ అని రాశాడు.